నీళ్ళడగని గులాబీలు

గులాబీలు చూడటానికి కడియం వదిలి అనంతపురం వెళ్ళే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానని మావారు నేను బయలుదేరేదాకా ఏదో ఒక వంకన అంటూనే ఉన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా కడియం చుట్టుపక్కల ఏ గుమ్మంలోంచి తొంగి చూసినా గులాబీ మొక్కలే. మేం అమ్మేది అవే, మమ్మల్ని బతికించేదీ అవే. అనంతపురం అంటే మా వైపు వాళ్ళకు తెలిసింది పేపర్లో పడే కరువు ఫొటో ఒక్కటే. వెళ్ళి వచ్చాక ఇప్పుడు ఇది రాస్తుంటే, ఆయన మాట విని ఇంట్లో కూర్చున్నా బాగుండేదేమోనని ఒక్కోసారి అనిపిస్తోంది.

అయితే రామలక్షుమ్మ సంగతి ముందు చెప్పాలి. పోయిన పుష్కరాలకు గోదావరి స్నానానికి వచ్చినవాళ్ళు దారిలో మా నర్సరీలు కూడా చూసి వెళ్ళేవారు. అట్లా రామలక్షుమ్మ ఒక బస్సు దిగి వచ్చింది. నల్లగా, పొడుగ్గా, గద్దించినట్టు మాట్లాడే మనిషి. ఎర్రవీ పసుపువీ రంగురంగుల గులాబీలు వరసగా పెట్టి చూపిస్తే ఒక్కదాని వైపూ చూడలేదు. మా పనివాళ్ళు కత్తిరించి పారేసిన కొమ్మల కుప్ప దగ్గర కూర్చుంది.

గులాబీ అంటులో పైన ఉండేది పూలమొక్క, కింద వేరు మాత్రం అడవి గులాబీది. ఆ వేరు మొండిది, ఎక్కడైనా పట్టుకుంటుంది. అందుకని పైనున్న సుకుమారిని దాని మీద కూర్చోబెడతాం. కింది నుంచి అది తన సొంత కొమ్మ వేసిందా, కత్తిరించి పారేస్తాం. "ఆ పారేసింది నాకియ్యక్కా. దానికేం పూలు పూస్తాయి?" అని అడిగింది. ఐదే రేకులు, తెల్లగా, రెండ్రోజుల్లో రాలిపోతాయి, జడలోకి కూడా పనికిరావు అని చెప్పాను. "అయితే నాకదే కావల్ల" అని ఒక గోనెసంచి నిండా కొమ్మలు కట్టించుకుని పోయింది. అది మొదలు ఏడాదికి ఒకటి రెండుసార్లు వాళ్ళ ఊరి ఫోను బూత్ నుంచి మాట్లాడేది. కొండవాలులో నాటిందట. పాదులు లేవట, వరసలు లేవట, కత్తిరింపులు లేవట. అవే పడతాయి, అవే లేస్తాయి అనేది. నేను ఊఁ కొట్టేదాన్ని. నర్సరీ మనిషిని, నాకెక్కడ నమ్మకం.

ఈ చైత్రంలో వచ్చిన ఫోను వేరు. "అక్కా, నా కడుపులో గడ్డ ఉండాదంట. ఆపరేషనుకి అనంతపురం పోతాండా. నా గులాబీలు నిద్రలో ఉండంగనే నువ్వొచ్చి కొమ్మలు తీస్కపో. నాకేమైనా అయితే ఈడ చూసేవాళ్ళు ల్యారు. నా తోట ఇంగొగ చోటన్నా బతకల్ల" అంది. పెళ్ళిళ్ళ రోజులు, నర్సరీలో తలమునకల పని. వైశాఖం సగమయ్యాక గానీ నా కాలు కదల్లేదు.

గుత్తి

పొద్దున్నే రైలు దిగాను. ఎదురుగా కొండ, కొండ నెత్తిన కోట. అంత ఎత్తున గోడలు కట్టినవాళ్ళు నీళ్ళకు ఏం చేశారో అన్న ఆలోచన నాకు మా ఊళ్ళో ఎప్పటికీ వచ్చేది కాదు. ఇక్కడ దిగిన అయిదు నిమిషాలకే వచ్చింది. నాలుక అప్పటికే ఎండిపోయింది.

బస్టాండు పక్కన ఒకామె ఉగ్గాని అమ్ముతోంది. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, వేయించిన పప్పుల పొడి వేసి కలిపిన ఉప్మా లాంటిది, పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు ఐదు రూపాయలు. ఆ బజ్జీ కొరికాక మా గోదావరి జిల్లాల వాళ్ళం కారం తింటామని చెప్పుకోవడం మానేయాలని అర్థమైంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మంచినీళ్ళు అడిగాను. ఆమె గ్లాసు సగానికి పోసి ఇచ్చింది.

"ఇంగా కావల్లంటే అడుగమ్మా, పోస్తా. పారబొయ్యద్దు మాత్రం. యా ఊరు మీది?"

"రాజమండ్రి దగ్గరండి."

"గోదారి పక్కనేనా?" అని చేస్తున్న పని ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆన్నుంచి ఈడికి యాలొచ్చినావమ్మా? ఎవురన్నా పోయినారా?"

ఎవరూ పోలేదని, స్నేహితురాలి తోట చూడ్డానికి వచ్చానని చెప్పాను. తోట అనేసరికి ఆమె నవ్వింది. వెక్కిరింపు కాదు, జాలిగా నవ్వింది. నాకు బజ్జీ కన్నా ఆ నవ్వు ఎక్కువ మంట పెట్టింది.

ఉరవకొండ దారి

బస్సు కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు ముఖానికి తగులుతోంది. రెండు పక్కలా ఎర్రనేల. వేరుశనగ వేసే చేలట, వాన కోసం ఎదురుచూస్తూ ఖాళీగా పడి ఉన్నాయి. ఆ మధ్య మధ్యన చీనీ తోటలు. మనం బత్తాయి అంటామే, అదే వీళ్ళకు చీనీ. తోటలు అంటున్నాను గానీ, చాలావాటిలో మిగిలినవి మొదళ్ళే. బోర్లు ఎండిపోయి, చెట్లు ఎండిపోయి, నరికి కట్టెలకు అమ్మేస్తున్నారు. కట్టెల ట్రాక్టరు ఒకటి మా బస్సుకు దారి ఇవ్వక చాలాసేపు ముందే వెళ్ళింది. మొక్కల్ని పెంచి అమ్ముకుని బతికేదాన్ని, నాకు శవం వెనక నడుస్తున్నట్టే అనిపించింది.

నా పక్కన కంబళి మడిచి భుజాన వేసుకున్న ముసలాయన కూర్చున్నాడు. గొర్రెల కాపరి. మంద అంతా మా కోస్తా వైపే మేతకు పోయిందట. ఈయన మోకాళ్ళ నొప్పులతో వెనక్కి వచ్చేశాడట.

"మీ దిక్కు గట్ల మీద గడ్డి ఉంటాదమ్మా, కాదన్ను. కానీ మనుషులు శానా కసురుకుంటారు. మా దిక్కు ఎరువు కోసరం మందను మా చేలో పెట్టు, మా చేలో పెట్టు అని బతిమాలి, గింజలిచ్చి, కూడు పెడతారు. మీకు ఎరువు పురుగుమందుల కొట్లో దొరుకుతాది కదా, మాతో యాం పని."

ఆయన అన్నది నిజమే. ఎక్కడికి పోతున్నావని అడిగితే రామలక్షుమ్మ పేరు చెప్పాను.

"కంపతోట లక్షుమ్మనా!" అని ఆయన తొడ మీద కొట్టుకున్నాడు. "మేమందురం కంప కొట్టి కంచె ఏస్తాం. కంప నాటినోళ్ళను ఆయమ్మనే చూసినా. నా మందలో మేకలు ఒగసారి దాంట్లో దూరినాయని కట్టె తీస్కొని బెళుగుప్ప దాకా తరిమిందమ్మా నన్ను. నోరు అట్ల గానీ, కడుపు సల్లని మనిషి. పాపం, ఆస్పత్రిలో ఉండాదంట." కంబళి సర్దుకుని మళ్ళీ అన్నాడు. "ఆయమ్మ మొగుడు రెడ్డి గూడా యాలనో ఈసారి ఎర్రిపని చేసినాడు. చీనీని ఎండగొట్టి కంపకు నీళ్ళు పెట్టినాడంట. అట్లాంటోన్ని యాడా చూల్లేదప్పా."

నీళ్ళు పెట్టాడన్న మాట నా చెవిలో పడింది. ఆకు రాల్చి నిద్రలో ఉండగానే రమ్మంది ఆమె, అప్పుడు తీసిన కొమ్మే నాటితే పట్టుకుంటుంది. నీళ్ళు తాగిన గులాబీ నిద్రపోదు. ఆ తర్వాత ఆయన ఏం చెప్పాడో నాకు సరిగ్గా వినబడలేదు.

బెళుగుప్ప అవతల

బెళుగుప్పలో దిగి ఆటోలో వాళ్ళ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రామలక్షుమ్మ భర్త తిప్పారెడ్డి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, గళ్ళ తువ్వాలు, గడ్డం పెరిగిపోయి ఉంది. ఒకప్పుడు ఊరి సర్పంచి అని ఆమె చెప్పగా విన్నాను. పిల్లలు లేరు. ఆమె ఇంకా ఆస్పత్రిలోనే ఉందట, తోడు చెల్లెలు ఉందట. రెండు మూడు రోజుల్లో ఇంటికి తెస్తారట.

ఆయన కాళ్ళకు నీళ్ళని ఒక చెంబు ఇచ్చాడు. మా వైపు అలవాటు ప్రకారం చెంబెడూ కాళ్ళ మీద కుమ్మరించుకుని, ముఖం కడుక్కోవడానికి ఇంకో చెంబు ఇవ్వండి అన్నాను. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఆ ఊరికి నీళ్ళు ట్యాంకరు మీద వస్తాయి, వచ్చిన రోజు వస్తాయి, లేని రోజు లేవు. ఆ చెంబులో వాళ్ళు ముఖం, చేతులు, కాళ్ళు అన్నీ కడుక్కుంటారు. తిప్పారెడ్డి మాత్రం లోపలికి పోయి రెండో చెంబు తెచ్చి ఇచ్చాడు. ఆ నీళ్ళతో ముఖం కడుక్కుంటుంటే సిగ్గుతో నాకు ముఖం ఇంకా మండింది.

రాగి సంగటి, ఊరుబిండి పెట్టాడు. వేయించిన వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు దంచిన పచ్చడి అది. స్వయంగా ఆయనే వండాడట. సంగటి ముద్ద నమలకూడదని తెలియక నమిలి పంటికి అంటించుకున్నాను. నేను తింటున్నంతసేపూ ఆయన గుమ్మంలోంచి కొండ వైపు చూస్తూనే ఉన్నాడు. పెళ్ళికూతురికి నగ చేయించి దాచిపెట్టిన తండ్రి ముఖంలో ఉంటుందే, అట్లాంటి తొందర.

"తినండి తినండి. తిన్యాక కొండకు పోదాం. చూస్తురు గానీ" అన్నాడు.

కంపతోట

ఇంటి వెనకనే కొండ మొదలవుతుంది. కొండ అంటే ఒకదాని మీద ఒకటి పడేసినట్టున్న పెద్ద పెద్ద బండలు, గుండ్లు. చెబితే గానీ అది తోట అని తెలియదు. కలివి పొదలు, తంగేడు, సీతాఫలం చెట్లు, ఎండిన బోద గడ్డి, వాటి మధ్యలో గులాబీలు. ఎక్కడ గుండు నీడ పడుతుందో అక్కడ, వాన పడితే బండ మీది నీళ్ళు జారి ఎక్కడ ఇంకుతాయో అక్కడ, ఉత్తరం వైపు సందుల్లో నాటింది. మొదళ్ళ చుట్టూ రాళ్ళు కప్పి వదిలేసింది. ఆ పైన అవే పాకాయి, అవే గింజ పడి మొలిచాయి. కొన్ని నా నెత్తికన్నా ఎత్తు పొదలు. పన్నెండేళ్ళుగా నేను ఊఁ కొట్టి వదిలేసిన తోట నిజంగా ఉంది. మా నర్సరీలో కుండీల్లో వరసగా నిలబడే గులాబీలు బడిపిల్లలయితే, ఇవి వాటి ఇష్టం వచ్చినట్టు కొండెక్కి కూర్చున్నాయి. నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి.

పైగా అవి పచ్చగా ఉన్నాయి. చుట్టూ మైళ్ళ మేర ఒక్క ఆకు లేని చోట, ప్రతి పొదకూ మూరెడు మూరెడు ఎర్రని లేత చిగుళ్ళు.

"చూసినారా!" అన్నాడు తిప్పారెడ్డి. "ఫాల్గుణంలో ఆకు రాల్చేస్తాయి. ఎండాకాలమంతా బోడి కట్టెలే. చూసేవాళ్ళు సచ్చిపోయినాయనుకుంటారు. బోడిగా ఉంటే బతికినట్లు అంటాది ఆయమ్మ. వాన పడినాకే లేస్తాయి, కార్తీకంలో పూస్తాయి. నాకేమనిపించిందంటే, ఇది గూడా మా చీనీ లెక్కనే కదా అని."

చీనీ రైతులు పూత కోసం ఒక పని చేస్తారు. ఒక నెలా నెలన్నర చెట్టుకు నీళ్ళు మానేసి మాడుస్తారు. దాన్ని బెట్ట పెట్టడం అంటారు. ఆకు వాడి, చెట్టు ఇక పోతుందేమో అన్నప్పుడు కడుపునిండా నీళ్ళు పారిస్తే ఒళ్ళంతా విరగబూస్తుంది. తరతరాలుగా చేతికి వచ్చిన విద్య. బోడి గులాబీలను చూసి ఈయన బెట్టకు వచ్చిన చీనీ చెట్లను చూసినట్టే చూశాడు. బోరులో మిగిలిన కాస్త నీళ్ళు చీనీకి ఎటూ చాలవని తేలిపోయాక, ఆ గొట్టం కొండమీదికి తిప్పాడు.

"ఇప్పుడు నీళ్ళు పెడుతున్నారా?" అని అడిగాను.

"యాడివమ్మా. వారం కిందట బోరు ఎండిపోయింది. అయినా సిగురేసినాయి కదా, ఇంగ మొగ్గలు రావల్ల."

నేను ఒక చిగురు పట్టుకుని చూశాను. కొస వాలి ఉంది. చీనీ చెట్టుకు నీళ్ళు మొదలుపెట్టాక ఆపరు. ఇవి అట్లా కాదు. వేరులో దాచుకున్న బలమంతా ఒక్కసారిగా చిగుళ్ళకు పెట్టేశాయి, కింద ఇప్పుడు తడి లేదు, పైన వడగాలి. పక్క పొద చూశాను, ఆ పైది చూశాను. ఎండ వైపున్న వాటికి అప్పటికే ఆకు అంచులు నల్లబడ్డాయి. నిద్రపోతున్న వాటిని లేపి, ఆకలి పుట్టించి, వదిలేసినట్టయింది. మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేశాను.

ఆయన బండ మీద కూర్చున్నాడు.

"ఆయమ్మ కడుపు కోసి చూసి, మల్ల కుట్టేసినారమ్మా" అన్నాడు. "ఇంటికి తీస్కపోండి, ఎన్నాళ్ళో చెప్పలేం అన్న్యారు. ఆయమ్మకు చెప్పల్యా నేను. కార్తీకం దాకా ఉండదు కదా అని... ఇంటికి వచ్చేసరికి ఒగసారి పూలు చూపిస్తామని..."

ఆయన మీద వచ్చిన కోపం ఎటు పోయిందో తెలియదు. పన్నెండేళ్ళు ఆమె తోటకు చెంబెడు నీళ్ళు పోయమని అడగలేదు, ఈయన పోయలేదు. పోసింది ఈ ఒక్కసారే.

కడవల వరస

మర్నాడు ట్యాంకరు వచ్చింది. ప్లాస్టిక్ బిందెలు, స్టీలు కడవలు, చివరికి పెయింటు డబ్బాలు కూడా వరసలో ఉన్నాయి. ఎవరి బిందె ఎక్కడుందో అది వాళ్ళ చోటు, మనిషి ఉండనక్కర్లేదు. ఎవరూ ఇంకొకరి బిందె జరపరు. మా వైపు అయితే ఆ వరసకు పోలీసు కావాలి. ఆ ఆడవాళ్ళ బిందెల చివర తిప్పారెడ్డి రెండు కడవలు పెట్టాడు. రెడ్డిగారు బిందె పట్టుకుని రావడం ఆ ఊరు ఎప్పుడూ చూసినట్టు లేదు. అంతా ఆయన వైపే చూస్తున్నారు. ఒక నడివయసు ఆమె మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగేసింది.

"ఏమప్పా రెడ్డీ, ఈ నీళ్ళు నీ పెండ్లానికా, ఆ కంపకా?"

"రెండూ ఒగటేలే నాగమ్మా" అన్నాడు.

నీళ్ళు పట్టేటప్పుడు నాగమ్మ తన వంతులో సగం బిందె తీసి ఆయన కడవలో వంచింది. అది చూసి ఇంకో ఇద్దరు వంచారు. తాగడానికి చాలని నీళ్ళు అవి. నేను పక్కకు తిరిగి నిలబడ్డాను.

ఆ కడవలు నెత్తిన పెట్టుకుని ఇద్దరం కొండ ఎక్కాం. అన్ని పొదలకూ చాలవు కదా, నీడలో ఉన్న నాలుగైదింటిని ఎంచుకున్నాం. చిగుళ్ళు కత్తిరించేశాను. మొదళ్ళ మీద గోతాలు కప్పాం. ఎండిన చీనీ కొమ్మలు తెచ్చి నీడకు అడ్డం పెట్టాం. నర్సరీలో చచ్చిపోయే మొక్కకు చేసేవన్నీ చేశాను. కానీ ఆ మధ్యాహ్నం నుంచి వడగాలి మొదలైంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం మాటవరసకు అంటాం. ఇక్కడ బండ మీద చెయ్యి పెడితే బొబ్బ లేచింది, నా అరచేతిలో ఇంకా మచ్చ ఉంది. అంత గాలిలో చీనీ కొమ్మలు ఎగిరిపోయాయి, గోతాలు ఎగిరిపోయాయి. రెండు రోజుల్లో కొండ మీది చిగుళ్ళన్నీ టీ పొడి రంగుకు తిరిగి, చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి.

కొమ్మలు గోటితో గీకి చూశాను. లోపల పచ్చ లేదు. కిందికి, ఇంకా కిందికి, మొదలు దాకా గీకాను. ఒక పొదను పట్టుకుని లాగితే వేరుతో సహా చేతికొచ్చింది. ఎక్కడో బండ సందులో ఒకటీ అరా మిగిలి ఉండొచ్చు. నాకైతే ఒక్కటీ కనబడలేదు.

నులకమంచం

ఆ సాయంత్రమే రామలక్షుమ్మను జీపులో తెచ్చారు. పన్నెండేళ్ళ తర్వాత చూడటం. మనిషి సగమైంది. కొండెక్కే మాట అటుంచి, వాకిట్లోంచి వసారాలోకి నలుగురు పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. నులకమంచం మీద పడుకోబెట్టగానే నన్ను చూసి, "ఏమక్కా, ఇంత లావైనావు? మీ దిక్కు కరువు లేదా?" అంది. గొంతు మాత్రం అదే గొంతు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు పూర్తి కాకముందే నా చెయ్యి పట్టుకుంది.

"కొండకు పోయినావా?"

"వెళ్ళాను."

"ఎట్లుండాయి?"

తిప్పారెడ్డి గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నా వైపు చూడలేదు, నేల వైపు చూస్తున్నాడు. ఏం చెప్పాలో నేనేమీ ఆలోచించి పెట్టుకోలేదు. ఒట్టు, నోటికి ఏది వస్తే అదే అన్నాను.

"ఒక్క ఆకు లేదు లక్షుమ్మా. అన్నీ బోడిగా ఉన్నాయి."

"యా ఒగటి గూడా సిగురెయ్యల్యా?"

"ఒక్క చిగురు కూడా లేదు. నేను కొండంతా తిరిగి చూశాను."

ఆమె ముఖం విప్పారింది. అంత జబ్బు ముఖంలో అంత వెలుగు ఎక్కడ దాక్కుందో. "బతికినాయి" అంది. "నా తల్లులు, బతికినాయి. ఆస్పత్రిలో దినామూ ఇదే దిగులక్కా నాకు. ఈయప్పది చీనీ చెయ్యి, గమ్మునుండదు. బోడి కట్టె కనపడితే నీళ్ళు పెట్టాలంటాడు. నేను లేనప్పుడు గొట్టం తిప్పుతాడేమోనని నిద్దరే ల్యా." తర్వాత భర్త వైపు తిరిగి, "శానా మంచిపని చేసినావు, గమ్మునుండావు" అంది.

వాళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని మెచ్చుకోవడం అదే మొదటిసారని ఆమె చెల్లెలు తర్వాత నవ్వుతూ చెప్పింది. తిప్పారెడ్డి అక్కడ నిలబడలేక ఎద్దుల కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

నేనన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంతకన్నా పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు.

"కొమ్మలు తీస్కున్యావా?" అని అడిగింది.

ఇక వెనక్కి పోవడానికి లేదు. పొద్దున్నే తీస్తానని చెప్పి, మర్నాడు తెల్లవారగానే కొడవలి తీసుకుని తిప్పారెడ్డీ నేనూ కొండెక్కాం. పెన్సిలు లావు కొమ్మలు, జానెడు జానెడు ముక్కలు, నిజంగా నాటబోయే వాటిని ఎట్లా ఎంచుతామో అట్లానే ఎంచి కోశాను. వంకరవి పక్కన పడేశాను. ఎందుకు పడేశానో ఇప్పటికీ తెలియదు. అంతా ఎండుపుల్లలే కదా. వాటిని కట్ట కట్టి గోనెలో చుట్టి తెచ్చి ఆమెకు చూపించాను. ముళ్ళు గుచ్చుకుంటాయని చెబుతున్నా వినకుండా కట్ట మీద చెయ్యి వేసి నిమిరింది.

"గోనె తడపల్యా నువ్వు. దోవలో ఎండిపోవా? నర్సరీ పెట్టి యాం లాభం నువ్వు" అని కసిరింది. మంచం పక్కన ఆమె మాత్రలు వేసుకోవడానికి పెట్టిన గ్లాసు నీళ్ళున్నాయి. వద్దు, నువ్వు తాగు అని నేనంటుంటే, "నాకేమప్పా, మల్ల తెస్తారు" అంటూ వణికే చేత్తో గోనె మీద చుట్టూ తిప్పి, ఒక్క చుక్క నేలన పడకుండా పోసింది. నేను కట్టను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నాటిన మొదటి నెల నీళ్ళు ఎక్కువ పోయవద్దని, మీ కోస్తావాళ్ళకు చెయ్యి ఊరుకోదని, చాలా జాగ్రత్తలు చెప్పింది. అన్నిటికీ సరే అన్నాను.

తిరుగు బస్సు

తిప్పారెడ్డి నన్ను బెళుగుప్ప దాకా దిగబెట్టడానికి వచ్చాడు. బస్సు రావడానికి ఇంకా సమయం ఉందని టీ కొట్టు ముందు కూర్చున్నాం. ఆ గోనెకట్ట నా ఒళ్ళో ఉంది. చీర తడిసిపోయింది.

ఉన్నట్టుండి ఎండ తగ్గింది. పడమటి నుంచి నల్లగా మబ్బు లేస్తోంది. కొట్లో వాళ్ళు, రోడ్డు మీద వాళ్ళు, సైకిలు మీద పోతున్నవాళ్ళు కూడా ఆగి పైకి చూశారు. గాలిలో ఎక్కడో తడిసిన మట్టి వాసన వచ్చింది. ఎక్కడో పడుతోందన్నమాట. ఒకాయన తలమీది రుమాలు తీసి చేతులెత్తి దండం పెట్టాడు. మాకు వాన రోజూ చూసే చుట్టం. వీళ్ళకు అట్లా కాదని, పెద్ద పెద్ద మగవాళ్ళ కళ్ళు తడవడం చూశాక అర్థమైంది.

"ఏమన్నా, తిప్పారెడ్డన్నా! ఈసారి మృగశిర కంటే ముందే వచ్చేట్లుండాది కదా!" అన్నాడు టీ కొట్టాయన, సంతోషం పట్టలేక.

తిప్పారెడ్డి పైకి చూడలేదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. వాన పడితే గులాబీలు లేవాలి. లేచాయో లేదో చూసి చెప్పమని ఆమె మొదట అడిగేది ఆయన్నే. నేను అక్కడ ఉండను.

బస్సు వచ్చింది. ఎక్కుతుంటే నా సంచి అందించి, ఎవరికీ వినబడకుండా, "ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ వాన రాకుంటే బాగుండునమ్మా" అన్నాడు.